సదానందం నోటి మాట

ఏడాదికి పైగా మాట లేకుండా బతికిన సదానందం, ఎస్టోనియా దేశంలోని ఆ నరాల ఆసుపత్రిలో మంచం మీద కూర్చుని, నోరు తెరిచి మొట్టమొదట అన్న మాట ఇది:

"వినోదా, నువ్వు బాగా అలసిపోయినట్టున్నావు. కాసేపు కూర్చో."

గదిలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. డాక్టర్ కైసా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ప్రభుత్వం తరఫున వెంట వచ్చిన అధికారి శశిభూషణ్ సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తూ "అద్భుతమండీ, అద్భుతం" అన్నాడు. వినోద మంచం కోడు పట్టుకుని భర్త మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తూనే ఉంది గాని, లోపలెక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. పాతికేళ్ళ కాపురంలో సదానందం ఆమెను కూర్చోమన్న రోజు లేదు. పోనీ, జబ్బు చేసిన మనిషి మెత్తబడ్డాడనుకుందాం. కానీ 'అలసిపోయినట్టున్నావు' అనే మాట ఆయన నోటికి ఎక్కడిది? వాళ్ళింట్లో ఎవరూ అలసిపోరు. పానం గుంజుకపోతది, కాళ్ళు గుంజుతయి, అంతే.

సదానందానిది వరంగల్. మిర్చి యార్డులో జెండా పాట పాడేవాడు. పొద్దున్నే యార్డు తెరవగానే మేలురకం మిర్చి రాశి దగ్గర జెండా ఎత్తి మొదటి వేలం పాడతారు. ఆ రోజు ధరలన్నీ ఆ పాటను బట్టే నడుస్తాయి. సదానందం గొంతుకు మైకు అక్కర్లేదు. తక్కువకు అడిగిన వ్యాపారిని "ఏం సేటూ, మిర్చి కొంటున్నవా, మన్ను కొంటున్నవా?" అని అందరిలో కడిగేసేవాడు. రైతులు నవ్వేవాళ్ళు. వ్యాపారులు కూడా నవ్వి ఒక మెట్టు ఎక్కేవాళ్ళు. ఒకనాడు అలా పాడుతూనే మిర్చి రాశి మీదికి ఒరిగిపోయాడు. మెదడులో ఎడమవైపు నరం చిట్లింది.

కాళ్ళు మళ్ళీ నడిచాయి. కుడిచెయ్యి మొద్దుబారింది. మాట మాత్రం పోయింది, దానితోపాటే రాత కూడా. మిగిలింది ఒక్క తిట్టు, "నీ యవ్వ". దాహమైనా అదే, కోపమైనా అదే, నవ్వొచ్చినా అదే. తల ఊపి చెప్పమంటే అవునన్నా కాదన్నా ఒకేలా ఊగేది. తను ఏమంటున్నాడో ఎదుటివాళ్ళకు అర్థం కాలేదని ఆయనకు మాత్రం అర్థమయ్యేది. అప్పుడు గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

రాష్ట్రంలో దొరకని చికిత్సను సర్కారు ఖర్చుతో విదేశంలో చేయించే పథకం ఒకటుందని, దాని కింద మాట పోయినవాళ్ళను ఎస్టోనియాకు పంపుతున్నారని కబురు వచ్చింది. రాష్ట్రం నుంచి మొదటి విడతలో ఎంపికైన కొద్దిమందిలో సదానందం ఒకడు. వాడకట్టులో అందరికీ అనుమానమే.

"ఉత్తగనే తోల్కపోయి ఉత్తగనే బాగుచేస్తరా వినోదా?" అంది పక్కింటి లచ్చవ్వ. "మనిషికి రెండు కిడ్నీలుంటయి. యాదుంచుకో."

వినోద నవ్వి ఊరుకుంది. కానీ ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి భర్తకు ఒళ్ళు తుడిచినప్పుడల్లా వీపు, పక్కటెముకలు వెతికేది. తలమీద తప్ప ఎక్కడా కుట్లు లేవు. చివరికి లచ్చవ్వను తిట్టుకుంది. తీసుకుపోయేది కనబడేచోటే ఉంటుందని ఎవరు చెప్పారు అన్న ఆలోచన అప్పటికి ఆమెకు రాలేదు.

ఆసుపత్రివాళ్ళు ఆయన మెదడు మీద పరిచింది సాలెగూడంత పలచని జాలీ. దాన్ని వాళ్ళు సిల్డ్ అంటారు. వాళ్ళ భాషలో వంతెన అని అర్థం. సదానందం లోపల ఏదో చెప్పాలనుకుంటాడు. ఆ అనుకోవడాన్ని సిల్డ్ పసిగట్టి, దానికి మాటలు కూర్చి, నాలుకకూ పెదవులకూ అందిస్తుంది. గొంతు ఆయనదే, నోరు ఆయనదే. వినోదకు చెవిలో పెట్టుకోవడానికి ఒక మిషను ఇచ్చారు. డాక్టర్ కైసా తన భాషలో మాట్లాడితే అది తెలుగులో వినిపిస్తుంది. వినోద మాట అర్థం కావడానికి కైసా చెవిలోనూ అలాంటిదే ఒకటి ఉంది. రెండో రోజే వినోదకు ఒక సంగతి తట్టింది. చెవిలోని మిషనూ తన భర్తా ఒకేలా మాట్లాడుతున్నారు. ఇద్దరూ వార్తలు చదివినట్టే.

ఆ వారంలోనే కూతురు ప్రణీతకు వీడియో ఫోన్ చేశారు.

ప్రణీత కాజీపేటలో అసిస్టెంట్ లోకో పైలట్. గూడ్సు బండ్లు నడిపే పని. సదానందం ఆమెను టీచర్‌ను చేద్దామనుకున్నాడు. ఆ పిల్ల చెప్పకుండా రైల్వే పరీక్ష రాసి, చెప్పకుండానే చేరింది. చేరిన రోజున ఆయన అన్నం కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ తర్వాత తండ్రీకూతుళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకరితో ఒకరికి చెప్పాల్సినవన్నీ వినోదకు చెప్పేవాళ్ళు. అలా మాటలు లేని రోజుల్లోనే ఆయనకు పక్షవాతం వచ్చింది. తనతో మాట్లాడకుండానే బాపుకు మాట పోయిందని ప్రణీత లోపల్లోపల కుమిలిపోయింది.

ఫోన్‌లో కూతురి ముఖం కనిపించగానే సదానందం కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమచేత్తో ఫోన్ అంచు పట్టుకున్నాడు.

"ప్రణీతా, నువ్వు తీసుకున్న నిర్ణయం సరైనది. నిన్ను చూస్తే నాకు చాలా గర్వంగా ఉంది."

అవతల ప్రణీత రైల్వే ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చింది. "బాపూ, మళ్ళొకసారి అను బాపూ" అంది. ఆయన మళ్ళీ అన్నాడు. అక్షరం తేడా లేకుండా అదే మాట.

శశిభూషణ్ పక్కనే నిలబడి అదంతా వీడియో తీసుకున్నాడు. "దీన్ని సెక్రటేరియట్‌లో చూపిస్తే చాలండి" అన్నాడు. ఆయన మంచి మనిషే. వినోదకు చలి కోటు తెచ్చిపెట్టాడు, వేడినీళ్ళ సీసా తెచ్చిపెట్టాడు. కానీ ఎప్పుడు చూసినా ఆ ఫోన్ ఎత్తి పట్టుకునే ఉంటాడు. "సదానందంగారూ, కెమెరా కోసం ఒక్కమాట" అంటాడు. ఆ ఒక్కమాట ఎంత బాగా వస్తే ఆయనకు అంత ఆనందం. ఎందుకింత ఆనందమని వినోద అనుమానంగా చూసేది.

ఒక మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు, సోయకూర చల్లిన చప్పిడి చారు పెట్టారు. మిరపకాయల మధ్య పెరిగిన మనిషి ఆయన. ఒక చెంచా తిన్నాడు.

"ఎట్లుంది?" అనడిగింది వినోద.

"చాలా రుచిగా ఉంది" అంది ఆయన నోరు.

అదే సమయంలో ఆయన ఎడమచెయ్యి గిన్నెను బల్ల అంచుదాకా నెట్టేసింది. చారు ఒలికింది.

వినోద చేతిలోని చెంచా అలాగే ఆగిపోయింది. గిన్నెను మళ్ళీ దగ్గరకు జరిపింది. "ఇంకొంచెం తింటవా?"

"తప్పకుండా. ధన్యవాదాలు."

చెయ్యి మళ్ళీ నెట్టింది. ఈసారి గిన్నె కింద పడింది.

సాయంత్రం డాక్టర్ కైసా వచ్చినప్పుడు వినోద తలుపు దగ్గరే ఆపి అడిగింది. "ఆయన ఒకటనుకుంటే అది ఇంకొకటి చెప్తదా డాక్టరమ్మా?"

కైసా వెంటనే కాదనలేదు. అక్కడే బల్లమీద కూర్చుంది. అరవై దాటిన మనిషి, మాట నెమ్మది. "ఆయన లోపలి ఆలోచన బలంగా ఉంటే సిల్డ్ దాన్నే చెబుతుంది" అంది చెవిలో మిషను. "బలహీనంగా, చెదిరిపోయి ఉంటే, అటువంటి సందర్భంలో ఎక్కువమంది ఏమంటారో దాన్ని అందిస్తుంది. భోజనం ఎలా ఉందని అడిగితే ఎక్కువమంది బాగుందనే అంటారు."

"మరి ఏ మాట ఆయనదో, ఏ మాట దానిదో ఎట్ల తెలుస్తది?"

"ఆయన్నే అడగాలి."

"ఆయన్నడిగితే మళ్ళ అదే చెప్తది గదా?"

కైసా ఆమె ముఖంలోకి చూసి కిటికీ వైపు తిరిగింది. బయట మంచు మీద ఎవరో కుక్కను నడిపిస్తున్నారు. "మాది పదమూడు లక్షలమంది మాట్లాడే చిన్న భాష" అంది. "మా భాషలో సిల్డ్ తయారుచేసినప్పుడు మా అమ్మమ్మ ఊరివాళ్ళు కూడా ఇదే అన్నారు. ఇది మా మాట కాదన్నారు." అంతకుమించి చెప్పలేదు. ఇంకా ఏదో చెప్పకుండా దాచిందని వినోదకు అనిపించింది.

వరంగల్ తిరిగొచ్చారు. సదానందం మాట్లాడుతున్నాడని తెలిసి యార్డు నుంచి హమాలీలు మూకుమ్మడిగా వచ్చారు. అందరికంటే ముందు పెద్ద హమాలీ ఎల్లస్వామి వచ్చి కౌగిలించుకున్నాడు. "సదానందమన్నా, ఒక్కసారి జెండా పాట పాడే! నీ గొంతు ఇనక యార్డు సచ్చిపోయింది."

సదానందం పెదవులు కదిలాయి. "మీ అందరి ప్రేమాభిమానాలకు కృతజ్ఞతలు. నేను ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాను."

హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాయ తాగారు. ఏం మాట్లాడాలో తోచక కూర్చున్నంతసేపు కూర్చుని లేచారు. వాకిట్లో చెప్పులేసుకుంటూ ఎల్లస్వామి గొంతు తగ్గించి అన్నాడు. "వదినే, లీడర్ తీర్గ మాట్లాడుతుండేంది అన్న?"

అది వినోద రోజూ తనను తాను అడుగుతున్న ప్రశ్నే. ఊరంతా మెచ్చుకుంటున్నారు. సదానందం కోప్పడడు. వడ్డిస్తే బాగుందంటాడు. వినోద తన గాజుల దుకాణం నుంచి ఆలస్యంగా వస్తే "పరవాలేదు" అంటాడు. "నీకేమమ్మా, దేవుడసొంటి మొగడైండు" అంటుంది లచ్చవ్వ. వినోదకు మాత్రం ఇంట్లో ఎవరో చుట్టం దిగి పోనంటున్నట్టుంది.

ఒక ఆదివారం ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "నేను అడిగినదానికి సక్కగ చెప్పు. మా తమ్ముని పేరేంది?"

"రాజమౌళి."

"మన పెండ్లి ఏడైంది?"

"హసన్‌పర్తిలో, మీ మేనమామగారి ఇంట్లో."

అన్నీ సరైనవే. వినోద పీట ముందుకు జరుపుకుంది. "ప్రణీత రైల్వేల చేరిననాడు నువ్వేమన్నవ్?"

"ఆమె నిర్ణయాన్ని గౌరవించాను."

ఆ మాట పూర్తయ్యేలోపే సదానందం ఎడమచెయ్యి లేచింది. తన దవడను తనే గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళు బుగ్గల్లోకి దిగిపోయాయి. నోరు లోపల కదులుతూనే ఉంది, "ఆమె సంతోషమే నా సంతోషం" అన్నది వేళ్ళ మధ్యనుంచి నలిగి బయటికొచ్చింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. వినోద లేచి ఆ చెయ్యి విడిపించడానికి చూసింది. విడిపించి ఏం చేయాలో తెలియలేదు. చివరికి ఆయన తలను కడుపుకు అదుముకుని, "ఇక నేనేం అడగ. ఏం అడగ" అని ఊరుకోబెట్టింది.

ఆ సంగతి ప్రణీతకు చెప్పకుండా ఉండలేకపోయింది. డ్యూటీ దిగి వచ్చిన ప్రణీత బూట్లు విప్పుతూ విన్నది. ఒక బూటు విప్పి రెండోది అలాగే ఉంచేసింది.

"అంటే? బాపు నాతోటి అన్నది గూడ మిషన్ అన్నదా?"

"నేనట్ల అనలే. నాకు ఎరుక లేదంటున్న."

"నీకు ఎందుకమ్మా గింత అనుమానం? మొదలు లచ్చవ్వ మాట ఇని కిడ్నీలు తీస్తరేమో అన్నవ్. గిప్పుడు మాట తీసిండ్రంటున్నవ్. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నొద్దులు సూసిన్నో నీకెరుకేనా?" ప్రణీత లేచి నిలబడింది. "నీకు తిట్టే మొగడే కావాలె. నన్ను సూసి మొకం తిప్పుకునే బాపే కావాలె. గిప్పుడు మంచిగున్నడని నీకు మనసున పడుతలేదు."

"మంచిగున్నది ఆయనైతే నాకేం బాధ?"

ప్రణీత రెండో బూటూ విప్పి పక్కన పడేసింది. తండ్రి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపలినుంచి మాటలు వినిపించాయి. "బాపూ, నేనంటే నీకు కోపం లేదు గదా?" "లేదు తల్లీ. నువ్వంటే నాకెంతో ఇష్టం." వినోద వాకిట్లో నిలబడి, లోపల ఆయన ఎడమచెయ్యి ఎక్కడుందోనని ఆలోచించింది.

చలికాలం మళ్ళీ వచ్చేసరికి రెండో ప్రయాణానికి పిలుపొచ్చింది. జాలీ మెదడులో శాశ్వతంగా అతుక్కునేలా మందు ఎక్కిస్తారు. ఒకసారి అతుక్కున్నాక తీయడానికి వీలుండదు, అది మాట అందించే మోతాదునూ మార్చలేరు. అందుకని రోగి సమ్మతి నోటితో చెప్పాలి. అది ఆయన మాటేనని దగ్గరి బంధువులిద్దరు సాక్ష్యం చెప్పాలి. తల్లీకూతుళ్ళిద్దరికీ సర్కారే టికెట్లు పంపింది. విమానంలో సదానందాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని, ఇద్దరూ చెరో కిటికీ వైపు చూస్తూ పోయారు.

సమ్మతి తీసుకునే గదిలో ఒక పొడవాటి బల్ల, ఎదురుగా కెమెరా, అందరి చెవుల్లో మిషన్లు. శశిభూషణ్ సర్ది చూసుకున్నాడు. "సదానందంగారూ, ఈ చికిత్సను శాశ్వతం చేయడం మీకు ఇష్టమేనా?"

"అవును. నాకు పూర్తి సమ్మతి ఉంది. ప్రభుత్వానికి నా కృతజ్ఞతలు."

శశిభూషణ్ ముఖం వెలిగింది. "సాక్షులు చెప్పండి. ఇది ఆయన మాటేనా?"

"అవును" అంది ప్రణీత. అంటూనే తల్లివైపు చూసింది.

వినోద బల్లమీద చేతులు పెట్టుకుని కూర్చుంది. "నేను చెప్ప."

"ఏంటండీ?"

"అది ఆయన మాటని నేను చెప్ప. ఆ మిషన్ బంద్ జేసి అడుగుండ్రి. అప్పుడు ఏమంటే గది రాసుకోండ్రి."

శశిభూషణ్ నొచ్చుకుంటూ నవ్వాడు. "ఆపేస్తే ఆయనకు మాటే రాదు కదమ్మా. మాట లేకుండా సమ్మతి ఎలా తీసుకుంటాం? తల ఊపడం చెల్లదని మీకూ తెలుసు."

"అంటే దాన్ని ఉంచాల్నా వద్దా అని దాన్నే అడుగుతున్నమన్నట్టు."

వినోద డాక్టర్ కైసా వైపు తిరిగింది. "డాక్టరమ్మా, పోయినసారి మీరు నాకు ఏదో చెప్పబోయి ఆపుకున్నరు. మీ దేశపోళ్ళకు గూడ గిట్లనే పెడతరా?"

కైసా శశిభూషణ్ వైపు ఒకసారి చూసి, దాపరికం లేకుండా చెప్పేసింది. "లేదు. మా రోగులకు అతి తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. ఒక్కొక్క మాటే వస్తుంది, కష్టపడి వస్తుంది. మీ రోగులకు మొదటి రోజునుంచే పూర్తి వాక్యాలు రావాలని మీ పథకంవారు కోరారు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవలసింది కాదు."

ప్రణీత కుర్చీలో వెనక్కి వాలింది.

"తప్పేముంది?" శశిభూషణ్ గొంతు మొదటిసారి పెరిగింది. కెమెరా ఆపేశాడు. "ప్రజల సొమ్మండి ఇది. రేపు అసెంబ్లీలో ఒక్కటే అడుగుతారు, మాట్లాడుతున్నాడా లేదా అని. సగం సగం మాటలు చూపిస్తే దీనికోసమా ఇంత ఖర్చు అని పథకమే ఎత్తేస్తారు. వెనకాల ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా మీకు? మా నాన్నకూ ఇలాగే మాట పోయిందమ్మా. అప్పట్లో ఇది లేదు. మూడేళ్ళు గోడ చూస్తూనే పోయాడు."

వినోద ఆయన్ను ఇంతకాలం దొంగను చూసినట్టు చూసింది. ఇప్పుడు ఆ మనిషిని చూస్తే జాలేసింది. అయినా పట్టు వదల్లేదు. "మీ నాయనకు పెట్టినా మీరు గిదే అడుగుదురు సార్."

కైసా తన పలకలాంటి యంత్రం తీసుకుంది. "పూర్తిగా ఆపను. అతి తక్కువకు తెస్తాను. అప్పుడు ఆయన గట్టిగా అనుకున్న మాట తప్ప ఇంకోటి రాదు. ఓపిక పట్టాలి."

ఆమె వేలు తెరమీద కిందికి జారింది.

సదానందం ముఖం మారిపోయింది. ఇంతసేపూ ఉన్న మర్యాద నవ్వు కరిగిపోయి, బుగ్గలు జారి, కళ్ళు గుంటల్లోంచి మేలుకున్నట్టు తెరుచుకున్నాయి. గదిని, మనుషుల్ని ఒక్కొక్కరినే చూశాడు. ఎడమచెయ్యి బల్లమీద కదలకుండా పడి ఉంది.

వినోద ముందుకు వంగింది. "ఏమయ్యా, ఇది ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత "నీ యవ్వ" అన్నాడు. ప్రణీత ముఖానికి చేతులడ్డం పెట్టుకుంది.

"తీ…" అన్నాడు. నుదుటిమీద చెమట పట్టింది. "తీ…"

తీసెయ్యమంటున్నాడు. వినోదకు తెలుసు, ముందునుంచీ తెలుసు. "తీసెయ్యమనే గదా?" అంది ఆత్రంగా.

సదానందం ఎడమచెయ్యి బల్లను గుద్దింది. ఆమె వైపు కోపంగా చూశాడు. "తి… య్య… ద్దు."

వినోద వెనక్కి జరిగి కూర్చుంది.

"తక్వ" అన్నాడాయన. రొప్పుతూ, ఒక్కో మాటా బరువెత్తినట్టు ఎత్తి పెడుతూ. "తక్వ… జెయ్. గిట్లనే."

శశిభూషణ్ నెమ్మదిగా చేతులు జారవిడిచాడు. కైసా తల ఊపి, ఆ మోతాదే శాశ్వతమైతే కలిగేది ఏమిటో మళ్ళీ ఒకసారి వివరించింది. పూర్తి వాక్యాలు ఇక అరువు రావు. మెదడు తనంతట తాను దారులు వెతుక్కుంటే మాట పెరగవచ్చు, పెరగకపోవచ్చు. సదానందం విని మళ్ళీ "గిట్లనే" అన్నాడు.

అప్పుడు ప్రణీత లేచి తండ్రి కుర్చీ పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. అడగవద్దని వినోద సైగ చేసింది. ఆ పిల్ల వినలేదు.

"బాపూ, నన్ను సూస్తే గర్వంగుందన్నవ్. అది నువ్వే అన్నవా?"

ఆయన కూతురి ముఖాన్ని చాలాసేపు చూశాడు. అబద్ధమైనా సరే ఈ ఒక్కసారి ఆ మిషనే చెబితే బాగుండునని వినోద ఆ క్షణంలో కోరుకుంది.

"కాదు" అన్నాడు.

ప్రణీత తల వంచుకుంది. ఆయన ఎడమచెయ్యి ఆమె గడ్డం కింద పెట్టి ముఖం పైకెత్తాడు.

"ఇంకా… అనలే." నాలుక తడబడింది. గుక్కతిప్పుకున్నాడు. "నేనే… అంట."

ఆ మోతాదులోనే మందు ఎక్కించారు. శశిభూషణ్ నివేదికలో ఉన్నది ఉన్నట్టే రాశానని విమానాశ్రయంలో చెప్పాడు. చెబుతూ వినోద కళ్ళలోకి చూడలేదు. కొంతకాలానికి మాట పోయినవాళ్ళను పంపడం ఆపేశారని తెలిసింది. సమీక్ష అన్నారు. మళ్ళీ ఎప్పుడో చెప్పలేదు.

ఒకరోజు మహబూబాబాద్ నుంచి ఎవరో కుర్రవాడు ఫోన్ చేశాడు. తల్లి పేరు వెయిటింగ్‌లో ఉందట. "మీ ఆయనకు మంచిగ మాటొచ్చినంక మీరే తీసేయించిండ్రట గదా? మీ ఇష్టం మీది. మా అమ్మ సంగతేంది? ఆమెకు ఏ మాటైనా సాలు. మిషన్ మాటైనా సాలు."

వినోద ఫోన్ చెవి మార్చుకుంది. "ఒకసారి మీ అమ్మను తోల్కరా తమ్మీ" అంది. "మా ఆయనతోటి కూసోబెట్టు. నువ్వే సూడు."

వచ్చారు. తల్లి అయిలమ్మ తలమీద కొంగు కప్పుకుని మూల కుర్చీలో కూర్చుంది. సదానందం ఆమెకు నీళ్ళందించి, "తా… గు" అనడానికి ఎంతసేపు పట్టిందో చూసి కొడుకు ముఖం మాడ్చుకున్నాడు. "గింతకోసమా గంత దూరం పోయింది?" అనేసి తల్లి చెయ్యిపట్టి లేపాడు. పోయేటప్పుడు వినోద గడపదాకా వెంట వెళ్ళింది. ఆ కుర్రవాడు అన్నది తప్పని ఆమె అనుకోలేదు. ఇంట్లోకి వచ్చి, తాను చేసింది ఎవరికోసం చేసిందోనని మొదటిసారి తన మీద తనే అనుమానపడింది.

సదానందం ఇప్పుడు మధ్యాహ్నాలు గాజుల దుకాణంలో కూర్చుంటున్నాడు. మాటలు తక్కువ. వచ్చేవాటిలో సగం విసుగే. చారులో ఉప్పు లేదంటాడు. వినోద ఆలస్యం చేస్తే "ఏడ… సచ్చినవ్" అంటాడు. ఆ మాట అనేసరికి ఆయనకు చెమట పడుతుంది. వినోదకు కోపమూ వస్తుంది, ఆ కోపంలోనే గుండె కుదుటపడుతుంది.

బండి దిగగానే ప్రణీత రోజూ ఫోన్ చేస్తుంది. ఆ మధ్యాహ్నం వినోద ఒక పెళ్ళికూతురి వదినకు గాజులు తొడుగుతుండగా ఫోన్ మోగింది. సదానందం ఎడమచేత్తో ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

"ప్ర… ణి."

"చెప్పు బాపూ. బల్లార్షా వచ్చిన. గిప్పుడే దిగిన."

"భయ… మైతది."

"దేనికి బాపూ?"

"బండి. పెద్దది." ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. మెడ నరాలు తేలాయి. "నువ్వు… నువ్వు…"

ఫోన్‌లో ప్రణీత ఏమీ అందించలేదు. అవతల ఏదో ఇంజను కూత, మనుషుల అరుపులు వినిపిస్తున్నాయి. ఆమె మాత్రం ఊపిరి తీస్తూ అలాగే ఉంది.

"నువ్వు… నా…"

గాజులు తొడిగించుకుంటున్నామె చెయ్యి వినోద చేతిలోనే ఆగిపోయింది. ఆమెకు ఆ అవస్థ చూడబుద్ధికాలేదు. "అయ్యో, ఏం చెప్పాల్నో నీకు ఎరుకే గదా అక్కా. నువ్వన్నా చెప్పరాదూ?" అంది గుసగుసగా.

"నాకు ఎరుక లేదు" అంది వినోద. "ఆయన్ననే చెప్పనియ్యి."